వ్రాత లేని చదువు

ముస్లిం స్త్రీలు విద్యలో వెనుకబడి ఉన్నారనే మాట మనం తరచు వింటూ ఉంటాము. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ముస్లిం పురుషులలో అక్షరాస్యులు 67.6 శాతం కాగా, స్త్రీలలో 50.1 శాతం మాత్రమే. ఈ అంకెల వెనుక ఒక పాత అలవాటు ఉన్నది. దానిని గురించి మనం అంతగా చెప్పుకోము.

చదువు అనే ఒక్క మాటలో రెండు విద్యలు ఇమిడి ఉన్నవి. ఒకటి చదవడం, రెండవది వ్రాయడం. పందొమ్మిదవ శతాబ్దంలో ఉత్తర హిందూస్థానపు ‘షరీఫ్’ కుటుంబాలలో అనేకం మొదటిదానిని ఆడపిల్లలకు ఇచ్చి, రెండవదానిని నిషేధించినవి. ఖుర్ఆన్ పారాయణం నేర్పడం పుణ్యకార్యం. కలం పట్టనివ్వడం మాత్రం ప్రమాదం. పిల్ల ఎవరికి ఉత్తరం వ్రాస్తుందోనన్నదే ఆ భయం.

బిజ్నౌర్ జిల్లాకు చెందిన అష్రఫున్నిసా బేగం (1840–1903) ఇటువంటి ఇంటిలోనే పెరిగినది. ఖుర్ఆన్ చదవడం నేర్పినారు, ఉర్దూ వ్రాయడం కూడదన్నారు. మధ్యాహ్నం ఇంటివారు నిద్రించే వేళ ఆమె వంటింటి పెనం మసిని నీటిలో కలిపి సిరా చేసుకొని, చీపురు పుల్లలనే కలాలుగా పట్టి, రహస్యంగా అక్షరాలను చూచి దించేది. అప్పటికి ఆ అక్షరాలేవో కూడా ఆమెకు తెలియదు! పిమ్మట ఆమె వద్ద ఖుర్ఆన్ పాఠం చెప్పించుకొనే బంధువుల పిల్లవాడొకడు బదులుగా ఆమెకు ఉర్దూ నేర్పినాడు. భర్త మరణించిన తరువాత ఆమె లాహోర్‌లో బాలికల పాఠశాల ఉపాధ్యాయినిగా జీవనం సాగించినది. తాను చదువుకొన్న ఈ కథను 1899లో లాహోర్ స్త్రీల పత్రిక ‘తహ్‌జీబె నిస్వాన్’లో ఆమే స్వయంగా వ్రాసినది. దొంగతనంగా నేర్చిన ఆ వ్రాతే వైధవ్యంలో ఆమెకు అన్నం పెట్టినది.

ఈ నిషేధానికి ధర్మంలో ఆధారమున్నదా? స్త్రీలకు వ్రాత నేర్పరాదనే ఒక ఉల్లేఖనాన్ని హాకిమ్ తన సంకలనంలో చేర్చిన మాట నిజమే. కాని ఇమామ్ జహబీ దానిని కల్పితమని త్రోసివేసినారు. ఇందుకు విరుద్ధంగా అబూదావూద్ ‘సునన్’లో మరొక హదీసు కలదు. షిఫా బిన్తె అబ్దుల్లాహ్ (రజి) వ్రాయ నేర్చిన మహిళ. ఆమె హజ్రత్ హఫ్సా (రజి)కు వ్రాత నేర్పినట్లే, ఒక చర్మవ్యాధికి చదివే దుఆను కూడా నేర్పవలసిందని దైవప్రవక్త (స) ఆమెతో అన్నారు. హజ్రత్ అబూబక్ర్ (రజి) కాలంలో ఒకచోట కూర్చిన ఖుర్ఆన్ ప్రతి చివరకు ఈ హఫ్సా (రజి) వద్దనే భద్రంగా ఉన్నది; హజ్రత్ ఉస్మాన్ (రజి) ప్రతులు వ్రాయించడానికి ఆమె వద్ద నుండే దానిని తెప్పించుకొన్నారు. హిజ్రీ 463లో మక్కాలో మరణించిన కరీమా అల్‌మర్వజియ్యా ‘సహీహ్ బుఖారీ’ బోధించేది. విద్యార్థులు తమ ప్రతిని ఆమె ప్రతితో సరిచూచుకోనిదే ఆమె అంగీకరించేది కాదట. ఖతీబ్ బగ్దాదీ వంటి పండితుడు ఆమె ఎదుట కూర్చుని ఆ గ్రంథాన్ని చదివినాడు.

ఇంతకంటె గమనింపదగినది మరొకటున్నది. దివ్య ఖుర్ఆన్‌లోని అతి పొడవైన ఆయత్ (2:282) నమాజును గురించి గాని, ఉపవాసాన్ని గురించి గాని కాదు. బాకీని వ్రాసి ఉంచుకోవడాన్ని గురించి. మొత్తం చిన్నదైనా పెద్దదైనా వ్రాయడానికి విసుగు చెందవద్దని అందులో ఆదేశమున్నది. ఆ ఆయత్‌లోని సాక్షుల ప్రస్తావనను మాత్రం స్త్రీని తక్కువ చేయడానికి ఉదహరించేవారు, వ్రాత ఆదేశాన్ని ఆమెకెందుకు వర్తింపజేయరో నాకు ఇంతవరకు బోధపడలేదు. పురుషులు సంపాదించినదానిలో పురుషులకు, స్త్రీలు సంపాదించినదానిలో స్త్రీలకు భాగమున్నదని 4:32 చెబుతున్నది. సంపాదన ఆమెదైనప్పుడు దాని లెక్క ఎవరి చేతిలో ఉండవలె?

ఈ ప్రశ్నకు జవాబు తెలంగాణలో నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల బీడీ పనిలో కనిపిస్తుంది. ఆ పనిచేసే స్త్రీలలో ముస్లిములూ అనేకులు. ఇంటికి తెచ్చుకొన్న తునికాకును నానబెట్టి, కత్తిరించి, తంబాకు నింపి, చుట్టి, దారం కట్టి వెయ్యి బీడీల లెక్కన అప్పగిస్తారు. నాసిరకమని త్రోసివేసినవి ఎన్నో, కూలి కట్టినవి ఎన్నో వ్రాసేది టేకేదారు. ఇంటి వద్ద బీడీలు చుట్టేవారిని కూడా 1966 చట్టం కార్మికులుగా గుర్తించినది. 1977లో బీడీ పరిశ్రమకు ప్రావిడెంట్ ఫండ్ వర్తింపజేసినారు. ఇంటివద్ద పనిచేసేవారికి సైతం అది చెందుతుందని సుప్రీంకోర్టు 1985లో తీర్పు ఇచ్చినది. కాని ఈ హక్కులన్నిటికీ మొదటి షరతు పుస్తకంలో పేరు వ్రాసి ఉండడమే. పేరు లేని స్త్రీ మరొకరి కార్డు మీద చుడుతుంది, ఆమె చెమట వేరొకరి లెక్కలో జమ అవుతుంది. పుస్తకంలో ఏమున్నదో చదువుకోలేనప్పుడు, తగ్గినది ఎంతో అడగడమెట్లా?

ఇటువంటి ఇండ్లలో తల్లి బీడీలు చుడుతుంటే పెద్దపిల్ల బడి మాని ప్రక్కన ఆకు కత్తిరించడం సామాన్యం. ఇద్దరి పనీ ఒకే కార్డు మీద పడుతుంది. సాయంత్రం ఆ కార్డులోని అంకెలు తల్లికి చదివి వినిపించేది బడి నుండి వచ్చిన కొడుకు.