ప్రయాణపు బండిలో రెండవ బ్యాటరీ

పిల్లలతో వ్యానులో బయలుదేరి, అరకులోయ వంటి చోట్ల రాత్రి బండిలోనే పరుండు కుటుంబములు నేడు కలవు. ఫ్యాను, దీపము, చిన్న ఫ్రిజ్జు బండి బ్యాటరీతోనే నడిపినచో తెల్లవారునప్పటికి ఇంజను కదలకపోవచ్చును. నిర్జనప్రదేశమున పసిబిడ్డలతో చిక్కువడవలసి వచ్చును. ఆ బ్యాటరీ ఇంజనును కదల్చుటకై క్షణకాలము బలమైన విద్యుత్తు నిచ్చునదే గాని రాత్రియెల్ల పనిచేయుటకు నిర్మింపబడినది గాదు. కావున రెండవది వేఱుగా నుండవలెను.

కొనుటకు ముందు, ఎసటిలో పోయు బియ్యమును కొలిచినట్లు, మీ అక్కఱను కొలువుడు. 12 వాట్ల ఫ్యాను 8 గంటలకు 96, 6 వాట్ల దీపము 4 గంటలకు 24, 40 వాట్ల ఫ్రిజ్జు దినమునకు 12 గంటలు తిరిగినచో 480. వెరసి 600 వాట్-గంటలు. దీనిని 12 వోల్టులచే భాగింపగా 50 ఆంపియర్-గంటలు వచ్చును. సీసపు బ్యాటరీలో సగమే వాడదగును గనుక 100 ఆంపియర్-గంటలది కావలెను. లిథియం ఐరన్ ఫాస్ఫేటు దానిలో నూటికి 80 పాళ్లు వాడవచ్చును గనుక 65 చాలును. దాని బరువు తక్కువ, ఆయుష్షు హెచ్చు, వెలయు హెచ్చే. ఏటికొక్కమారు పోవువారికి సీసపుదే చాలును. తఱచుగా తిరుగువారికి లిథియము మేలు.

బండి నడచుచుండగా దీనిని నింపుటకు డీసీ-డీసీ ఛార్జరు కావలెను. బ్యాటరీ ధనాగ్రమునకు చేరువనే ఫ్యూజు నుంచవలెను. లేనిచో తీగ యొరసికొని మంట పుట్టవచ్చును. సీసపుదానినుండి మండెడు వాయువు వెలువడును గనుక పడకచోట నుంచరాదు. అమరిక పనివాని వంతు. లెక్క మాత్రము మీరే చేయుడు.