పెరటి వాటా – ఇంటి వెల



ఉన్న యింటిని ఆనుకొని గాని, పెరటిలో గాని వేఱొక చిన్న వాటా కట్టినచో ఆ యింటి వెల పెరుగునా, తగ్గునా యనునది నేటి విషయము. కొడుకు వేఱు కాపురము పెట్టునప్పుడు, ఉద్యోగము ముగిసి నాలుగు డబ్బులు చేతికి వచ్చినప్పుడు, ఊరిలోనికి బడియో బ్యాంకో వచ్చినప్పుడు మనలో చాలమందికి ఈ యాలోచన పుట్టును. నేను ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు తెలుగు చెప్పిన పంతులను. వకీలును గాను, తాపీమేస్త్రీని గాను. అయినను నా పెరటిలో నేనొక వాటా కట్టితిని. దానివలన సుఖమును, చిక్కును గూడ ఎఱిగితిని. ఈ ప్రసంగమునకు ఆ యెఱుకయే ఆధారము.

మొదట మాటను విచారింతము. వాటా యనగా భాగము. ఆస్తిలో వాటా, పంటలో వాటా, వ్యాపారములో వాటా యందుము. ఆ మాటనే అద్దెకిచ్చు రెండు గదులకును వాడుచున్నాము. అద్దెకున్నవానికి ఆ గదులలో కాపురమే గాని భాగము లేదు. తమ్మునికిచ్చిన గదులలో తమ్మునికి భాగము ఉండవచ్చును. మాట యొకటియే; అర్థములు రెండు. ఇంటి వెలకు కలుగు చిక్కులలో సగము ఈ రెండర్థములను విడదీయకపోవుటవలననే పుట్టుచున్నవి.

ఇక వెల సంగతి. కట్టుటకైన ఖర్చు వేఱు, వచ్చు వెల వేఱు. ఇటుకకు, సిమెంటుకు, కూలికి మనము పెట్టిన రూపాయలను కొనువాడు లెక్క పెట్టడు. ఆ వాటావలన తనకేమి ఒనగూడునని లెక్క పెట్టును. ఒక ఉదాహరణము చూడుడు. ఒకడు 6 లక్షలు పెట్టి రెండు గదులు, వంటిల్లు, మఱుగుదొడ్డి కట్టెననుకొందము. నెలకు 3,000 అద్దె వచ్చిన సంవత్సరమునకు 36,000. అందులో నెల రెండు నెలలు ఖాళీగా నుండుటకును, పన్నునకును, సున్నము మరమ్మతులకును 6,000 తీసివేసిన 30,000 మిగులును. కొనువాడు తన సొమ్మునకు సాలునకు నూటికి 6 రూపాయలైన రావలెనని కోరునేని, 30,000 రాబడినిచ్చు వాటాకు 5 లక్షలకంటె నెక్కువ ఈయడు. లక్ష రూపాయలు కట్టినవాని నెత్తిన పడినట్లే. అద్దె 2,000 మాత్రమే వచ్చు ఊరైనచో, అవే ఖర్చులు పోను 18,000 మిగులును. అప్పుడాతడు ఇచ్చునది 3 లక్షలే. అద్దెకు వచ్చువారే లేని ఊరిలో ఆ కట్టడము ధాన్యపు బస్తాలు వేసికొనుటకు తప్ప మఱి దేనికిని పనికిరాదు.

కావున కట్టకముందు అడుగవలసిన మొదటి ప్రశ్న, 'ఎంత ఖర్చగును?' అనునది గాదు, 'ఇందులో ఎవరుందురు?' అనునది. మండలకేంద్రము, ఆసుపత్రి, కళాశాల, కర్మాగారము దగ్గఱనున్న ఊళ్లలో వాటాకు గిరాకి యుండును. పొలముపనులకు తప్ప క్రొత్తవారు రాని ఊళ్లలో నుండదు.

కొందఱు రిజిస్ట్రేషను శాఖవారి విలువను చూపి, 'ఇంత పెరిగినది గదా' యందురు. ఆ శాఖవారు స్థలమునకు గజమునకింతయని, కట్టడమునకు దాని కప్పునుబట్టియు వయస్సునుబట్టియు చదరపుటడుగునకింతయని లెక్క కట్టుదురు. కట్టడము పెరిగిన ఆ లెక్క పెరుగుట నిజమే. కాని అది స్టాంపుసుంకము విధించుటకైన లెక్క. బజారులో బేరమాడువాడు తన కన్నుతోనే చూచును.

ఆ కన్నునకు మొదట కనబడునది దారి. వాటాకు వీధినుండి వేఱు దారి, వేఱు నీటికుళాయి, వేఱు మఱుగుదొడ్డి, వేఱు కరెంటుమీటరు ఉన్నచో అది రెండవ యిల్లుగా ఎన్నబడును. పెద్దింటి నడవగుండ నడచిపోవలసిన గదులు ఎన్ని యున్నను అవి గదులే గాని వాటా గాదు. రెండవది, వాటా వచ్చి పెద్దింటినుండి ఏమి తీసికొన్నది? పెరడు పోయి, వెనుకకిటికీకి గోడ అడ్డము వచ్చి, గాలియు వెలుతురును తగ్గినచో, వాటావలన వచ్చిన వెలను పెద్దిల్లు పోగొట్టుకొనును. మూడవది వాస్తువు. నమ్ముటయు మానుటయు ఎవరి యిష్టము వారిది. అయినను ఈశాన్యమూల మూసి కట్టిన యింటిని మన ప్రాంతమున కొనుటకు వెనుదీయువారు పెక్కుమంది. కొనువారు తగ్గిన బేరము తగ్గును.

కన్నునకు కనబడనివి కాగితములు. పంచాయతీ అనుమతి లేక కట్టిన వాటాను చూపి, బ్యాంకులో అప్పు తెచ్చి కొనదలచినవాడు వెనుకకు మరలును. పంచాయతీ పన్నుపుస్తకములో వాటా ఎక్కినదా, ఇంటినంబరు వచ్చినదా యని చూడవలెను. అయితే పన్నురసీదు గాని కరెంటుబిల్లు గాని హక్కుపత్రము గాదని మఱువరాదు. అద్దెకిచ్చినచో ఒడంబడిక వ్రాయించి రిజిస్టరు చేయించుకొనుట మేలు. ఏ ఒడంబడికయు లేని కాపురపుటద్దెను 1882 నాటి ఆస్తిబదలాయింపు చట్టము నెలనెలకు సాగు అద్దెగా భావించును. దానిని ముగించుటకు 15 దినముల నోటీసు ఈయవలెను. ఇల్లు అమ్మినంత మాత్రమున అద్దెవాడు లేచిపోడు. కొనువాడు క్రొత్త యజమానియై ఆతనితో వ్యవహరింపవలసినదే.

బంధువులకిచ్చిన వాటా సంగతి ఇంతకంటె సూక్ష్మము. స్థిరాస్తిని దానము చేయవలెనన్న నోటిమాట చాలదు. ఇచ్చువాడు సంతకము చేసి, ఇద్దఱు సాక్షులు సంతకములు పెట్టి, పత్రము రిజిస్టరు కావలెనని ఆ చట్టమే చెప్పుచున్నది. సబ్ రిజిస్ట్రారు కార్యాలయమున నిచ్చు ఎన్కంబరెన్సు పత్రములో రిజిస్టరైన లావాదేవీలే కనబడును గాని, రచ్చబండమీద మనమాడిన మాట కనబడదు. ఆ మాట చట్టమునకు చాలకపోయినను ఊరు మఱువదు. కొనువాడు ఊరినడిగియే వచ్చును.

ఇచట నా కథ చెప్పవలసియున్నది. 2018లో నేను ఉద్యోగమునుండి విరమించితిని. అంతకు ముందేడు నా చెల్లెలు భర్తను కోల్పోయి పుట్టినూరికి వచ్చినది. విరమణసొమ్ములో 6 లక్షలు పెట్టి, 2019లో మా 300 గజముల స్థలమున, నూతికి అవతల, ఆమెకొక వాటా కట్టించితిని. గృహప్రవేశమునాడు పదిమంది యెదుట 'అమ్మాయీ, ఇది నీది' అంటిని. ఆమె కన్నీరు తుడుచుకొన్నది. పిల్లలకు వాక్యనిర్మాణము నేర్పిన నేను, 'నీది' యను మాట కాపురమునకా, హక్కునకా యని విడమఱచి చెప్పనైతిని.

2023లో నా భార్యకు గుండెజబ్బు వచ్చినది. శస్త్రచికిత్సకు సొమ్ము కావలసి ఇల్లు బేరము పెట్టితిని. పొరుగూరినుండి వచ్చినవాడు అంతయు చూచి ఇట్లనెను: 'మాస్టరుగారూ, వాటా లేకున్నచో 30 లక్షలు ఇత్తును. ఉన్నది గనుక 27 లక్షలు. ఆమె ఖాళీ చేయునో లేదో నాకు తెలియదు. ఆమె నడచుదారి మీ పెరటిలోనిది. పెరడు నాదని కొని, దారి ఆమెదని తెలిసికొనుట నావలన గాదు.' 6 లక్షలు పెట్టి నా యింటి వెలను 3 లక్షలు తగ్గించుకొంటినని ఆనాడు గ్రహించితిని. ఆతని యందు తప్పు లేదు.

ఆ సాయంకాలము నా చెల్లెలు వచ్చి, 'అన్నయ్యా, ఎక్కడ సంతకము పెట్టమన్న అక్కడ పెట్టెదను. వదిన బ్రదుకవలెను' అన్నది. ఆమెను ఎక్కడికి పొమ్మందును? ఇల్లమ్ముట మాని, నాకున్న అర యెకరము మాగాణి అమ్మితిని. నా భార్య కోలుకొన్నది. మఱుసటి యేడు, 2024లో, దస్తావేజు వ్రాయించి రిజిస్టరు చేయించితిని: వాటాలో నా చెల్లెలు జీవితాంతము ఉండవచ్చును; ఉత్తరపువైపు నాలుగడుగుల దారియు నూతినీరును ఆమె వాడుకొనవచ్చును; ఆమె తరువాత వాటా నా వారసులకే చెందును. కొలతలతో పటము జతపఱచితిని.

ఇప్పుడు నా యింటి వెల పెరిగినదా? లేదు. ఆమె బ్రదికియున్నంతకాలము కొంత తక్కువగనే యుండును. కాని ఎంత తక్కువయో, ఏల తక్కువయో, ఎన్నటివఱకో కొనవచ్చినవానికి కాగితము చూపి చెప్పగలను. నా తరువాత నా కొడుకును నా చెల్లెలును ఒక నూతియొద్ద తగవులాడరు.

కావున పెద్దలారా, వాటా కట్టువారు పునాది తీయకముందే రెండు సంగతులు తేల్చుకొనుడు. అద్దెకైనచో, వచ్చు అద్దెనుబట్టి ఖర్చు పెట్టుడు. దారియు, నీరును, అనుమతియు సరిచూచుకొనుడు. అయినవారికైనచో, ఇచ్చునది నీడయా, భాగమా యని వ్రాసి యీయుడు. తెలిసి తగ్గించుకొన్న వెల దానమగును. తెలియక తగ్గించుకొన్నది నష్టమగును. నేను ముందు నష్టపడి, తరువాత దానము చేసితిని. మీరు మొదటిదానిని తప్పించుకొందురుగాక.

సెలవు.