కార్వెట్ డాష్‌బోర్డు మీద దీపాలు

ఒరేయ్ చిన్నా, డాలస్‌లో నువ్వు చూసొచ్చిన పాత కార్వెట్ ఫొటోలు అందాయి. బండి చూడముచ్చటగా ఉంది, కాదనను. 2002 మోడలంటే ఐదో తరం, మీవాళ్లు సీ5 అనేది. 1997 మోడల్‌తో మొదలై 2004 దాకా వచ్చింది. ఏబీఎస్ దీపం, ట్రాక్షన్ దీపం ఆరడం లేదు గనక అమ్మేవాడు చవకగా ఇస్తానంటున్నాడు. "ఏదో సెన్సర్ పోయుంటుంది, అంతే" అన్నాడట. అంతే కావచ్చు, కాకపోనూవచ్చు. అడ్వాన్సు ఇచ్చే ముందు కాసేపు నా మాట విను.

మొదట రంగు చూడాలి. ఎర్ర బ్రేకు దీపం వెలిగిందంటే హ్యాండ్ బ్రేకు పూర్తిగా దించలేదేమో చూడు. దించినా ఆరకపోతే బ్రేకు ఆయిలు డబ్బా మూత తీసి చూడు. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు బయటికి జరుగుతాయి, ఆ ఖాళీలోకి ఆయిలు దిగుతుంది, డబ్బాలో మట్టం తగ్గుతుంది. ప్యాడ్లు చూడకుండా ఆయిలు మాత్రం నింపేసి దీపం ఆర్పేవాళ్లున్నారు. ప్యాడ్లు బాగానే ఉండి మట్టం తగ్గితే ఎక్కడో కారుతున్నట్టే, ఆ బండి కదపకూడదు. ఆ ఆయిలుకి గాల్లో తేమ పీల్చే గుణం కూడా ఉంది. కొత్త డాట్ 3 ఆయిలు 205 డిగ్రీల దాకా మరగకూడదని అమెరికా ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. ఆయిలు మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది.

నీ కార్వెట్‌లో వెలిగేవి పసుపు దీపాలు. మామూలు బ్రేకు ఉంది, దాని మీది అదనపు కాపలా మాత్రం లేదు. మేం నడిపిన అంబాసిడర్లకి ఆ కాపలా అసలే లేదనుకో. ఎర్రదీ పసుపుదీ కలిసి వెలిగితే మాత్రం తేలిగ్గా తీసుకోకు. ఇలాంటి చాలా బళ్లలో ముందు చక్రాలకెంత ఒత్తిడి, వెనకవాటికెంత అన్నది కూడా ఏబీఎస్ కంప్యూటరే పంచుతుంది. అది చేతులెత్తేస్తే గట్టిగా తొక్కినప్పుడు వెనక చక్రాలు ముందే బిగుసుకుని బండి గిర్రున తిరగొచ్చు.

ఇంతకీ ఏబీఎస్, ట్రాక్షన్ రెండు దీపాలూ జంటగా ఎందుకు వెలుగుతాయి? పల్లకీ మోసే నలుగురు బోయీల్లో ఒకడి అడుగు తప్పితే లోపలున్నవాళ్లకి వెంటనే తెలుస్తుంది కదా, కంప్యూటర్ కూడా నాలుగు చక్రాల అడుగుల్ని అలాగే వింటుంది. బ్రేకు వేసినప్పుడు ఒక చక్రం మిగతావాటికంటే బాగా నెమ్మదిస్తే అది బిగుసుకుపోతోందని అర్థం, ఆ బ్రేకు కాస్త వదులుతుంది. అది ఏబీఎస్. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వెనక చక్రం వేగంగా తిరిగితే అది జారుతోందని అర్థం, ఇంజిన్ జోరు తగ్గిస్తుంది. అది ట్రాక్షన్ కంట్రోల్. రెండు పనులకీ సమాచారమిచ్చేది ఆ నాలుగు చక్రాల దగ్గరుండే సెన్సర్లే. ఒకటి మూగబోతే రెండూ ఆగిపోతాయి.

సెన్సర్‌లో మహా రహస్యమేమీ లేదు. అయస్కాంతం, దాని చుట్టూ రాగి తీగ చుట్ట, ఎదురుగా తిరిగే పళ్ల చక్రం. పన్ను దగ్గరికొచ్చి దూరమయ్యేకొద్దీ అయస్కాంత క్షేత్రం మారుతుంది, తీగలో కరెంటు పుడుతుంది. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రమే. చక్రం ఆగితే కరెంటూ లేదు. అందుకే దీపం ఎప్పుడు వెలిగిందో గమనించమంటాను. తాళం తిప్పినప్పట్నుంచీ ఆరకుండా ఉంటే వైరు తెగడమో, కంప్యూటర్ తేడానో కావచ్చు. కాస్త దూరం నడిచాక వెలిగితే ఏదో చక్రం సిగ్నల్ ఇవ్వడం లేదన్నమాట.

ఈ బండిలో నాకు బాగా నచ్చింది, లోపాల కోడ్లు చదవడానికి విడిగా మెషీన్ అక్కర్లేకపోవడం. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్‌లో పెట్టు. రీసెట్ నొక్కి సందేశాలు తుడిచేయి. ఆప్షన్స్ బటన్ పట్టుకునే ఫ్యూయెల్ బటన్ నాలుగుసార్లు నొక్కు. కోడ్లు వరసగా వస్తాయి. చివర సీ ఉంటే ఇప్పుడున్న లోపం, హెచ్ ఉంటే పాత ముచ్చట. సీ1221 నుంచి సీ1224 దాకా వరసగా ముందు ఎడమ, ముందు కుడి, వెనక ఎడమ, వెనక కుడి చక్రాలవి.

కోడ్ కనపడగానే హబ్ కొనేయకు. సెన్సర్ హబ్ బేరింగ్‌లోనే ఇమిడి ఉంటుంది, అది పోతే మొత్తం మార్చాల్సిందే. అంతకుముందు హబ్ నుంచి పైకి వెళ్లే పొట్టి వైరు చూడు. చక్రం ఎగిరినప్పుడల్లా వంగి వంగి, పైతొడుగు బాగానే ఉండి లోపలి రాగి తెగుతుంది. చక్రాన్ని పైకెత్తి చేత్తో తిప్పుతూ మీటర్‌తో ఏసీ వోల్టేజి కొలువు, పక్క చక్రంతో పోల్చు. బ్యాటరీ బలహీనంగా ఉన్నా, ఎర్త్ వైరు తుప్పుపట్టినా ఇవే దీపాలు వెలుగుతాయి.

టైర్లు కూడా చూడు. కంపెనీ ఇచ్చిన మామూలు సైజుల్లో ముందు రిమ్ములు 17 అంగుళాలు, వెనక 18. చుట్టుకొలతలో దాదాపు నూటికి నాలుగు వంతుల తేడా. అది కంప్యూటర్‌కి ముందే తెలుసు. ఎవరైనా చవకలో వేరే సైజు బిగిస్తే, చక్రం జారకపోయినా జారినట్టు లెక్క తేలుతుంది.

ఒక చక్రం కోడే వస్తే హబ్ ఖరీదు తగ్గించి బేరమాడు. కంప్యూటర్‌దే అయితే రిపేరు చేసేవాళ్లని వెతికాకే మాట ఇవ్వు. ఇంకోటి, వేరే బళ్లు చూడ్డానికి వెళ్లినప్పుడు తాళం తిప్పగానే ఈ దీపాలు ఒకసారి వెలిగి ఆరాలి. అసలు వెలగనే వెలగకపోతే ఎవడో బల్బు పీకేశాడేమో చూసుకో.