పాత యంత్రమునకు నాల్గవ యక్షము

అనకాపల్లి జిల్లాలో వరాహనది యొడ్డున ఏటికొప్పాక యను గ్రామము కలదు. అచటి లక్కబొమ్మలు దేశమంతటను ప్రసిద్ధి కెక్కినవి. 2017లో వానికి భౌగోళిక గుర్తింపు లభించినది. బొమ్మలు చేయువారు అంకుడుకఱ్ఱ తుండును తరిమెనకు, అనగా లేతునకు, బిగింతురు. కఱ్ఱ గిరగిర తిరుగుచుండగా ఉలిని దానికి తాకింతురు. ఉలి తాకిన మేర కఱ్ఱ గుండ్రముగా దిగును. పిమ్మట రంగులక్కను అదిమి పట్టగా, రాపిడి వేడికి లక్క కరగి కఱ్ఱ నంటుకొనును. బొంగరములు, కుంకుమభరిణలు ఇట్లే తయారగును.

ఈ పనిలో ఒక విశేషమున్నది. కఱ్ఱ ఎంత వేగముగా తిరిగినను, ఏ క్షణమున అది ఎంత కోణము తిరిగియున్నదో లేతునకు తెలియదు. తెలియవలసిన అవసరమును లేదు. కాని, ఆ భరిణ చుట్టును సమాన దూరములలో ఏడు రంధ్రములు వేయవలెనన్నచో ఆ లేతు ఏమియు చేయజాలదు. తిరుగుట మాత్రమే చాలదు. ఇంత తిరిగి ఇచట నిలువవలెనను లెక్క కావలెను. ఆ లెక్క తెలిసిన తిరుగుడునే యంత్రశాలలలో నాల్గవ యక్షమని పిలుతురు.

తక్కిన మూడు అక్షములు ఏవి? సి.ఎన్.సి. యంత్రము కంప్యూటరు చెప్పిన సంఖ్యలను బట్టి నడచును. 1952లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఇట్టి మిల్లింగు యంత్రమునకు ఆదిరూపమును ప్రదర్శించిరి. నాడు ఆజ్ఞలను చిల్లులు పొడిచిన కాగితపు పట్టీపై నిచ్చుచుండిరి. యంత్రపు బల్ల కుడియెడమలకు జరుగుట ఎక్స్ అక్షము. ముందువెనుకలకు జరుగుట వై అక్షము. తిరుగుచుండు కటరు పైకిని క్రిందికిని కదలుట జెడ్ అక్షము. పలకవంటి వస్తువును చెక్కుటకు ఈ మూడును చాలును.

గుండ్రని వస్తువు వచ్చినప్పుడే చిక్కు. అనకాపల్లి బెల్లమునకు పేరుపడిన ఊరు. చెఱకుగానుగలోని రోలర్లు కలసి తిరుగుటకు పళ్ళచక్రములుండును. ఇరువదినాలుగు పళ్ళ చక్రమును కోయునప్పుడు, ఒక్కొక్క పంటికి సరిగా 15 డిగ్రీలు త్రిప్పవలెను. ఒక్క పన్ను ఎడము తప్పినను, చక్రము ప్రతి చుట్టునకు అచట పట్టుకొని, అరిగి, తుదకు విరుగును. గానుగ ఆగిపోయిన, కోసిన చెఱకు నిలువయుండి తీపి తగ్గును. ఆ నష్టము రైతుదే.

నాలుగక్షముల క్రొత్త యంత్రమును కొనుట చిన్న కార్ఖానాకు మోయరాని భారము. అయినను, పాత యంత్రపు పోతయినుప దిమ్మె గట్టిగా నున్నచో దానిని తుక్కున కమ్మనక్కరలేదు. త్రిప్పు పరికరమొకటి తెచ్చి బల్లపై బిగింపవచ్చును. ఒక మోటారు, దానికొక మరగేరు, ముందు వస్తువును పట్టు చక్కు — ఇంతియే దాని స్వరూపము. ఎక్స్ దిశను ఇరుసుగా చేసికొని తిరుగునప్పుడు దీనికి 'ఏ' అక్షమని పేరు.

దీని లెక్క చూడుడు. సాధారణమైన స్టెప్పరు మోటారు ఒక చుట్టును 200 అడుగులుగా వేయును. మరగేరు నిష్పత్తి 90కి 1 అయినచో, చక్కు ఒకసారి తిరుగుటకు 18,000 అడుగులు పట్టును. అనగా అడుగునకు 0.02 డిగ్రీ. ఇరువదినాలుగు పళ్ళకు పంటికి 750 అడుగులు. చిక్కేమియు లేదు. ఏడు రంధ్రములకో? 18,000ను ఏడుచే భాగించిన శేషము మిగులును. ప్రతిసారియు 2,571 అడుగులే వేయించిన, ఏడుసార్లకు 17,997 మాత్రమే యగును, మూడడుగులు లోటు. కావున ప్రతి రంధ్రపు స్థానమును ముందటి రంధ్రమునుండి గాక మొదటి సున్న గుర్తునుండియే లెక్కింపవలెను. అప్పుడు తప్పు కూడుకొనదు.

లెక్క సరియైనను ఇనుము సరిగా వినవలెను గదా! మరగేరు పళ్ళ నడుమ కొంచెము వదులుండును. పనివారు దీనిని 'ప్లే' అందురు. పదింట ఒకవంతు డిగ్రీ వదులున్నదనుకొందము. ఇరుసునుండి 10 మిల్లీమీటర్ల దూరమున దానివలన వచ్చు తప్పు 0.017 మిల్లీమీటరు, 50 మిల్లీమీటర్ల దూరమున 0.087. వస్తువు లావైన కొలది తప్పు పెరుగును. అందుచే ఎల్లప్పుడు ఒకే ప్రక్కనుండి త్రిప్పి గుర్తును చేరవలెను. కోయునప్పుడు బ్రేకు వేసి చక్కును కదలకుండ పట్టియుంచవలెను. బ్రేకు లేని చౌక పరికరము కొని పిదప పశ్చాత్తాపపడువారు లేకపోలేదు.

వేగములోను ఒక మోసమున్నది. నిమిషమునకొక చుట్టు త్రిప్పినచో, 50 మిల్లీమీటర్ల వ్యాసార్ధమున కటరు క్రిందుగా సుమారు 314 మిల్లీమీటర్ల దూరము జరుగును. 10 మిల్లీమీటర్ల వ్యాసార్ధమున 63 మాత్రమే. ఈ భేదమును తానై గ్రహింపని పాత యంత్రములు కలవు. అట్టివానిలో కటరు విరుగకుండుటకు లెక్క మనుష్యుడే చేయవలెను.

మరి పాత యంత్రపు మెదడు నాల్గవ మోటారును నడపగలదా? కొన్నింటిలో అందుకు చోటు విడిచియుందురు. లేనిచో రెండు మార్గములు. మొదటిది, వై మోటారుకు పోవు ఆజ్ఞలను త్రిప్పు పరికరమునకు మరల్చుట. బల్లను నడుమ కదలకుండ బిగించి, వస్తువు చుట్టుకొలతనే వై దూరముగా లెక్కించుకొందురు. రెండవది, పరికరమునకు వేరుగా ఒక చిన్న నియంత్రకము నమర్చి, "ఒక మెట్టు తిరుగు" మను సంకేతమును మాత్రమే యంత్రముచే నిప్పించుట. పళ్ళను, రంధ్రములను కోయుటకు ఈ రెండవది చాలును. మెలితిరిగిన గాడి కోయుటకు ఇది పనికిరాదు. ఏలయన, ఆ పనిలో తిరుగుటయు జరుగుటయు ఒక్కసారిగా సాగవలెను.

బిగింపు పని ఓర్పుతో కూడినది. చక్కులో నున్నని ఉక్కుకడ్డీని పట్టించి, దాని ప్రక్కనను పైనను డయల్ గేజిని ఈ చివరనుండి ఆ చివరకు నడపవలెను. ముల్లు కదలినచో పరికరము బల్లకు వంకరగా నున్నట్లు. పొడవైన వస్తువైన, రెండవ కొనను టెయిల్‌స్టాక్‌తో ఊతయిచ్చి నిలుపవలెను.

తుది పరీక్షకు అంకుడుకఱ్ఱ తుండైనను చాలును. దానిపై సున్న గుర్తున సన్నని గీతను కోసి, ఒక పూర్తిచుట్టు ముందుకు త్రిప్పి, మరల వెనుకకు త్రిప్పి, అదే గీతపై మరల కోయవలెను. కఱ్ఱమీద ఒక గీతయే కనబడినచో ఉక్కును బిగింపవచ్చును. రెండు కనబడిన, వాని నడుమనున్న సందే ఆ వదులు.