కొడవలి కణ వ్యాధి – సూక్ష్మజీవులు – పెన్సిలిన్

మన శరీరంలో ఎడమ ప్రక్కన, ప్రక్కటెముకల చాటున, ఇంచుమించు పిడికిలి ప్రమాణంలో ఒక అవయవం ఉన్నది. దానిని ప్లీహం అంటారు. రక్తాన్ని వడపోసి, అందులో చేరిన సూక్ష్మజీవులను పట్టి నాశనం చేయడం దాని ముఖ్యధర్మాలలో ఒకటి. ఈ కావలివాడు పసితనంలోనే నేలకొరిగితే ఆ బిడ్డకు రక్షణ ఏది? కొడవలి కణ వ్యాధిగ్రస్తుల విషయంలో ఎదురయ్యే ప్రశ్న ఇదే.

ఇది వంశపారంపర్యంగా సంక్రమించే వ్యాధి. 1910లో షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ కొడవలి వంటి రక్తకణాలను వర్ణించాడు. మన దేశంలో దీనిని 1952లో నీలగిరి గిరిజనులలో గుర్తించారు. ఆదిలాబాదు ప్రాంతపు గోండులలోనూ ఇది కనిపిస్తుంది. హిమోగ్లోబిన్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారిన కారణంగా, ప్రాణవాయువు తగ్గినప్పుడు ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారం దాల్చి సన్నని నాళాలలో చిక్కుకొంటాయి. ప్లీహంలోని నాళాలు మాటిమాటికీ మూసుకుపోగా, పలువురు పిల్లలలో అయిదేళ్ళలోపే అది నిర్వీర్యమవుతుంది.

అప్పుడు న్యుమోకాకస్ వంటి, చుట్టూ తొడుగు గల బాక్టీరియా విజృంభిస్తుంది. ఉదయం కొద్దిపాటి జ్వరంతో ఉన్న బిడ్డ సాయంత్రానికే ప్రాణాపాయ స్థితికి చేరవచ్చు. సాల్మొనెల్లా అనే మరొక జాతి ఎముకలలో చేరి వాటిని పాడుచేస్తుంది.

ఈ పిల్లలకు పెన్సిలిన్ కవచమని 1986లో రుజువైంది. అమెరికాలో 215 మంది పసివారిపై జరిపిన పరీక్షలో, ప్రతిదినం రెండుసార్లు పెన్సిలిన్ పొందిన 105 మందిలో ఇద్దరికి మాత్రమే తీవ్రమైన అంటువ్యాధి సోకింది. పొందని 110 మందిలో 13 మందికి సోకగా, ముగ్గురు మరణించారు. ఫలితం ఇంత స్పష్టంగా ఉన్నందున పరీక్షను 8 నెలల ముందుగానే ఆపివేశారు.

అయితే సూక్ష్మజీవులు ఊరకుండవు. పెన్సిలిన్‌కు లొంగని న్యుమోకాకస్ 1967లో ఆస్ట్రేలియాలో, పలు మందులను ధిక్కరించే రకాలు 1977లో దక్షిణాఫ్రికాలో బయటపడ్డాయి. ఇవి ఇరుగుపొరుగు బాక్టీరియా నుండి జన్యువులను గ్రహించి, పెన్సిలిన్ పట్టుకొనే ప్రోటీనుల రూపాన్నే మార్చుకొంటాయి.

మరి ఈ పిల్లలకు పెన్సిలిన్ మాన్పించవలెనా? ఎంతమాత్రమూ కాదు. వైద్యుని పర్యవేక్షణలో వారు పుచ్చుకొనేది ప్రాణావసరం. వైరస్ వల్ల వచ్చే జలుబుకు సైతం దుకాణంలో మాత్రలు కొని మ్రింగే మన అలవాటే మానదగినది. ఒకరి శరీరంలో మందును జయించిన క్రిమి దగ్గు తుంపరల ద్వారా మరొకరిని చేరుతుంది. ఆరోగ్యవంతుడు దానిని తట్టుకోగలడు. ప్లీహం లేని బిడ్డ తట్టుకోలేడు.

టీకా మరొక రక్షణ. న్యుమోకాకల్ టీకా 2017లో మన సార్వత్రిక టీకాల కార్యక్రమంలో ప్రవేశించి, 2021లో దేశమంతటికీ విస్తరించింది. టీకా వ్యాధిని అడ్డుకొంటుంది గనుక మందుల వాడకమూ తగ్గుతుంది.

విద్యార్థులారా! కొడవలి కణ వ్యాధి గల బిడ్డకు 101 డిగ్రీల జ్వరం వచ్చినచో తెల్లవారే దాకా వేచియుండరాదని, వెంటనే ఆసుపత్రికి చేర్చవలెనని పదిమందికీ తెలుపండి. అనవసరంగా మనం మ్రింగని ప్రతి మాత్రా ఆ బిడ్డ కవచాన్ని పదిలపరచడానికి తోడ్పడుతుంది.