అభిప్రాయభేదము – మిత్రభేదము

చిన్నయసూరి నీతిచంద్రికను చదివినవారికి మిత్రలాభము, మిత్రభేదము అను మాటలు సుపరిచితములు. ఆ కథలో మిత్రులను విడదీయుటకు ఒక నక్క కావలసివచ్చినది. మన గ్రామములలో ఆ పనికి ఒక్క ఎన్నిక చాలును. వినుకొండకు చేరువనున్న ఈపూరువంటి పల్నాటి గ్రామమున, ఒకే అరుగుమీద పత్రిక చదువుకొను ఇద్దరు స్నేహితులు చెరియొక పక్షమున చేరి, తుదకు పెండ్లి పిలుపులు సైతము మానుకొనుట అరుదైన సంగతి కాదు. అభిప్రాయభేదము మిత్రభేదముగా మారక తప్పదా? ఈ ప్రశ్నకు రవీంద్రనాథ ఠాకూరు జీవితమున రెండు సమాధానములు దొరకును. రెండును లేఖల ద్వారా మనకు తెలియుచున్నవి.

మొదటిది గాంధీజీతో జరిగిన వాదము. 1920లో కాంగ్రెసు సహాయ నిరాకరణమును చేపట్టినప్పుడు రవీంద్రుడు విదేశములలో ఉండెను. నిరాకరణమునే పునాదిగా చేసికొన్న ఉద్యమము, బడులు విడిచి వచ్చు విద్యార్థులు తనకు కలవరము కలిగించుచున్నట్లు ఆయన ఆండ్రూస్‌కు లేఖలు వ్రాసెను. అవి 1921లో మోడరన్ రివ్యూ పత్రికయందు వెలువడగా, గాంధీజీ యంగ్ ఇండియాలో బదులు వ్రాసెను. చెడుకు తోడ్పడకుండుటయు ధర్మమేననియు, ఆకలిగొన్నవానికి ముందు పని చూపవలెననియు ఆయన వాదించెను.

ఈ చర్చ పల్నాటికి దూరమైనది కాదు. ఆ కాలముననే ఇచ్చటి రైతులు అడవిలో పశువులను మేపుకొనుటకు చెల్లించు పుల్లరిని నిరాకరించిరి. తరువాత ‘మాలపల్లి’ నవలాకర్తగా ప్రసిద్ధుడైన ఉన్నవ లక్ష్మీనారాయణ ఆ ఉద్యమమున చెరసాల పాలయ్యెను. 1922 ఫిబ్రవరిలో మించాలపాడున కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పులకు బలియయ్యెను. కవి, మహాత్ముడు వాదించుకొన్న విషయమునకు సామాన్యులు చెల్లించిన మూల్యము ఇట్టిది.

అయినను వారి స్నేహము తెగలేదు. 1932 సెప్టెంబరు 20న ఎరవాడ చెరసాలలో ఉపవాసము ఆరంభించుటకు ముందు గాంధీజీ రవీంద్రునకు లేఖ వ్రాసెను. తన చర్య సమ్మతమైనచో ఆశీస్సును, కానిచో నిర్మొగమాటమైన విమర్శను పంపవలెనని దాని సారాంశము. ఆరు దినములకు ఉపవాసము ముగిసినప్పుడు కవి ఆయన చెంతనే ఉండెను. 1934 జనవరి 15న బీహారులో సంభవించిన భూకంపము అస్పృశ్యతా పాపమునకు శిక్ష అని గాంధీజీ పలుకగా, రవీంద్రుడు తీవ్రముగ ఖండించెను. ఆ ఖండనమును గాంధీజీ తన హరిజన్ పత్రికలోనే అచ్చువేసి, తన సమాధానమును జతపరచెను. 1936లో విశ్వభారతి ధనాభావమున కుంగినప్పుడు 60,000 రూపాయలు సమకూర్చినవాడును గాంధీజీయే.

రెండవ సమాధానము విషాదకరమైనది. జపాను కవి యోనే నొగూచి 1935లో మనదేశమునకు వచ్చి, శాంతినికేతనమున రవీంద్రుని ఆతిథ్యమును పొందెను. 1937లో జపాను చైనాపై యుద్ధమునకు దిగెను. 1938 జూలై 23న నొగూచి టోక్యోనుండి లేఖ వ్రాసి, ఆ యుద్ధము ఆసియాను ఆసియావారికి దక్కించుటకేనని సమర్థించెను. రవీంద్రుని ప్రత్యుత్తరము సెప్టెంబరు 1వ తేదీది; నడుమ 40 దినములు గడచినవి. పాశ్చాత్యుల దురాక్రమణబుద్ధిని అనుకరింపవలదని 1916లో జపాను గడ్డమీదనే హెచ్చరించిన కవి, ఇప్పుడును మాట మార్చలేదు. చైనా స్త్రీలపై, పసిపిల్లలపై బాంబులు కురిపించి ఆసియాకు మేలు చేయజాలరని స్పష్టముగ తెలిపెను. అక్టోబరులో మరల ఇరువురి నడుమ లేఖలు నడచినను, నొగూచి తన ప్రభుత్వ పక్షమును విడువలేదు. తాను ప్రేమించు జపాను ప్రజలకు జయముకంటె పశ్చాత్తాపమునే కోరుచున్నట్లు రవీంద్రుడు తుదిమాటగా వ్రాసెను. పూర్వపు చెలిమి ఆ లేఖలతో విరిగిపోయెను.

ఒకే కవి, రెండుచోట్లను ఒకే నిష్కాపట్యము. ఒక స్నేహము నిలిచి, మరియొకటి ఏల తెగెను? గాంధీజీ, రవీంద్రుడు విభేదించినది మార్గమును గూర్చి. మనుష్యుని బాధయే ఇరువురకును కొలబద్ద. పైగా గాంధీజీ మిత్రుని విమర్శను తానై కోరెను, దానికి తన పత్రికలో చోటిచ్చెను. నొగూచి కోరినది అంగీకారమును మాత్రమే. స్వజాతి విజయమునకై పొరుగుజాతి బాధను లెక్కనుండి తీసివేయుమని మిత్రుని అడుగుట వంటిది అది. అట్టి కోరికను మన్నించి రవీంద్రుడు మైత్రిని కాపాడుకొనియుండవచ్చును. కాని అటుపిమ్మట ఆయన మాటకు విలువ ఉండెడిది కాదు.

నేడు చేతిలోని ఫోను క్షణములో కఠినపు మాటను చేరవేయును. 40 దినముల తీరిక మనకు లేకపోయినను, మిత్రునకు బదులు పలుకుటకు ముందు రెండు ప్రశ్నలు వేసికొనుటకు తగిన వ్యవధి ఉన్నది. అతడు నన్ను విమర్శించుటకు నేను చోటిచ్చితినా? నా పక్షము గెలుచుటకై ఎవరి బాధను లెక్కింపక విడిచితిని?