నేల ఉసిరి నుంచి ఆరో క్రోమోజోమ్ దాకా

కోనసీమ నుంచి కొల్లేటి ఒడ్డు దాకా ఎవరికైనా కళ్లు పచ్చబడితే ముందు వినపడే సలహా పసరు మందు. అందులోనూ నేల ఉసిరి. హెపటైటిస్‌ బి వైరస్‌ను బయటపెట్టి 1976లో నోబెల్‌ అందుకున్న బరూక్‌ బ్లమ్‌బర్గ్‌ కూడా ఈ మొక్కను పరీక్షించిన వారిలో ఉన్నారని తెలుసా? మద్రాసులో పరిశోధకుడు త్యాగరాజన్‌ బృందంతో కలిసి 1988లో లాన్సెట్‌ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. మందు తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్‌ పైపొర ప్రోటీన్‌ మాయమైంది. తర్వాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో మాత్రం ఆ ఫలితం నిలవలేదు.

అయినా పసరుకు పేరెందుకు పోలేదు? ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు హెపటైటిస్‌ బి సోకితే నూటికి 95 మందికి పైగా దానంతటదే తగ్గిపోతుంది. నీళ్ల వల్ల వచ్చే కామెర్లూ చాలావరకు అంతే. పని చేసింది ఒంట్లోని రోగనిరోధక శక్తి, పేరు దక్కింది పసరుకి.

బ్లమ్‌బర్గ్‌ అసలు వైరస్‌ కోసం వెతకనే లేదు. రక్తంలో వంశాన్నిబట్టి వచ్చే తేడాలు చూస్తుంటే ఒక ఆస్ట్రేలియా ఆదివాసీ రక్తంలో కొత్త ప్రోటీన్‌ కనపడింది. అదీ వారసత్వ లక్షణమేనని మొదట అనుకున్నారు. తీరా అది వైరస్‌ పైపొర. ఆయన ఊహ పూర్తిగా వృథా పోలేదు. వైరస్‌ వంశంలో రాదు గానీ, దాన్ని తరిమే సత్తాలో వంశం పాలు ఉంది.

ఆ పాలులో ముఖ్యమైనవి ఆరో క్రోమోజోమ్‌ మీదున్న హెచ్‌ఎల్‌ఏ జన్యువులు. కణంలో దొరికిన వైరస్‌ ముక్కను పళ్లెంలో పెట్టి చూపినట్టు రక్షక కణాలకు చూపిస్తాయవి. ఏ రకం జన్యువుంటే ఏ ముక్క చూపగలదన్నది మనిషి మనిషికీ మారుతుంది. వీటిలో డీపీ అనే రకం తేడాలకూ, వైరస్‌ కాలేయంలో తిష్ట వేయడానికీ సంబంధం ఉందని 2009లో జపాన్‌ శాస్త్రవేత్తలు చూపారు. అంతకుముందే, 1997లో, ఆఫ్రికాలోని గాంబియాలో మరో సంగతి తేలింది: తల్లి నుంచి ఒక రకం, తండ్రి నుంచి మరో రకం హెచ్‌ఎల్‌ఏ వచ్చినవారే వైరస్‌ను ఎక్కువగా వదిలించుకున్నారు.

ఇది చదివినప్పుడు మన మేనరికాలు గుర్తుకు రాకమానవు. మేనత్త కొడుకునో మేనమామ కొడుకునో చేసుకుంటే, పుట్టే బిడ్డకు ఏ జన్యువైనా రెండువైపుల నుంచీ ఒకే పూర్వీకుడిదే వచ్చే అవకాశం 16లో ఒక వంతు. సొంత మేనమామనే చేసుకుంటే 8లో ఒక వంతు. గాంబియాలో వేసిన ప్రశ్న గోదావరి జిల్లాల్లో వేయదగ్గదని నా గట్టి నమ్మకం.

జన్యువు కన్నా వయసు బలమైనది. పుట్టినప్పుడే తల్లి నుంచి సోకితే, టీకా లేకపోతే, పదిమందిలో తొమ్మిదిమందికి వైరస్‌ ఉండిపోతుంది. అది ఏళ్లతరబడి చప్పుడు లేకుండా ఉండి సిరోసిస్‌కో, కాలేయ క్యాన్సర్‌కో దారితీయవచ్చు. అందుకే 24 గంటల్లోపు టీకా. 1997లో హైదరాబాద్‌ శాంతా బయోటెక్నిక్స్‌ తెచ్చిన శాన్‌వాక్‌ బి, భారత్‌లో తయారైన తొలి రీకాంబినెంట్‌ (జన్యు సాంకేతికతతో చేసిన) హెపటైటిస్‌ బి టీకా. ఆ రాకతో సామాన్యుడికి అందని ధరలు దిగొచ్చాయి.

టీకా పూర్తిగా వేయించుకున్నా పెద్దవాళ్లలో నూటికి 5 నుంచి 10 మందికి సరిపడా రక్షణ రాదు. వయసు, ఊబకాయం, పొగతాగడంతోపాటు దీని వెనకా హెచ్‌ఎల్‌ఏ రకాలున్నాయి.

వైరస్‌ తగ్గిపోయినవాళ్ల కథా అక్కడితో అయిపోదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలోని లెడర్లీలో రూపొందించిన మందుల్లో మెథోట్రెక్సేట్‌ ఒకటి. క్యాన్సర్‌కి మొదలై ఇప్పుడు కీళ్లవాతానికీ వాడుతున్నారు. రోగనిరోధక శక్తిని అణచే మందు కాబట్టి, ఎప్పుడో తగ్గిపోయిందనుకున్న హెపటైటిస్‌ బి మళ్లీ లేవవచ్చు. కాలేయ కణాల్లో వైరస్‌ జన్యుపదార్థం దాగే ఉంటుంది. ఆ మందు రాసేముందు హెపటైటిస్‌ బి పరీక్షలు చేయించుకు రమ్మనేది అందుకే.